‘బే’ అంటే లేకుండా

మన వికారాబాదు, తాండూరు ఇళ్ళలో రోజుకు పదిసార్లు దొర్లే మాటముక్క ‘బే’. పారసీ నుంచి వచ్చింది. ‘లేకుండా’ అని అర్థం. 1948 దాకా నిజాం కచేరీల్లో ఉర్దూ కాగితాలే కదా, అక్కణ్ణించి మన వంటింట్లోకీ చేరింది. ఖాతరు లేకపోతే బేఖాతరు, ఫికరు లేకపోతే బేఫికరు. కనిపించిన ప్రతి ‘బే’ ఇది కాదండోయ్! తాండూరు కందిపప్పు దగ్గర మనమాడే బేరం మన పాత మాటే. బేస్తవారంలోది బృహస్పతి పేరు అరగ్గా మిగిలిన ముక్క. ఇక ‘ఏం బే’ అంటారే, అది వట్టి అమర్యాద. పిల్లల నోట రానివ్వకండి.

‘కార్’ అంటే పని. మరి తెల్లవారుజామునే లేచి చాకిరీ చేసే ఇల్లాలిని ‘ఇంట్లో బేకారుగా ఉంటుంది’ అంటే ఏ లెక్కన అతుకుతుంది?

అన్నిటికన్నా జాగ్రత్తగా చూసుకోవలసింది బేనామీ. సొమ్ము ఒకరిది, కాగితంలో పేరు మరొకరిది. అసలువాడి పేరే ఉండదు. భార్య పేర స్థలం కొంటే చాలు, బేనామీ అని భయపెట్టేవాళ్ళున్నారు. 1988 చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం, భర్త లెక్క చూపగల ఆదాయంతో భార్య పేర కొన్నది బేనామీ కాదు. లెక్క చూపలేని డబ్బయితే మాత్రం జప్తు, జైలు దాకా పోవచ్చు. సంతకం పెట్టేముందు ఆ డబ్బు ఎక్కడిదో అడగండి.