మోపుకు ఎన్ని కిలోలు? ఎండుగడ్డి బేరాల్లో తేలని లెక్క

ధాన్యానికి కాటా ఉంది, తవుడు బస్తాకు కాటా ఉంది. అదే కళ్ళం నుంచి బండెక్కే ఎండుగడ్డికి మాత్రం చాలాచోట్ల నేటికీ కంటిచూపే కాటా. డెల్టా గ్రామాల్లో నూర్పిళ్ళు ముగిసి వరిగడ్డి బేరాలు మొదలైతే ఒకరు మోపుకింత అంటారు, ఒకరు ఎకరానికింత, మరొకరు ట్రాక్టరుకింత. ఈ మూడు ధరల్లో ఏది చవకో చెప్పడం పాత దళారులకు కూడా సులువు కాదు.

మాటలన్నీ పొలంలో పుట్టినవే. కోసి పరిచింది పన. మనిషి నెత్తిన మోయగలిగినంత మోపు. ఏడాది మేతకు దొడ్లో పేర్చింది వామి. మెట్ట ప్రాంతాల్లో జొన్నచొప్పకు కట్టల లెక్క, బేరం వందకింత. మోపు బరువు మోసేవాడి మెడను బట్టి ఉంటుంది కనుక అది కొలత అనడం కంటే అంచనా అనడమే సబబు.

ధాన్యానికీ ఒకప్పుడు ఇదే తంతు. 1956 నాటి తూనికల, కొలతల చట్టం తర్వాత మార్కెట్లు క్వింటాలుకు అలవాటుపడ్డాయి. నెల్లూరు వర్తకులు పుట్టి మాటను వదల్లేదు గాని, పుట్టి అంటే 850 కిలోలని ఖాయం చేసుకున్నారు. మోపుకు ఆ యోగం పట్టలేదు.

కోత యంత్రాల వెనుక గడ్డి చుట్టే యంత్రాలు వచ్చాక చిక్కు తీరిందనుకున్నారు. తీరలేదు. కట్టలన్నీ చూపుకు ఒక్కటే. యంత్రాన్ని బట్టి, బిగింపును బట్టి కొన్ని 12 కిలోలు తూగితే కొన్ని 20 దాకా తూగుతాయి. కట్ట 15 కిలోలన్న నమ్మకంతో 200 కట్టల లోడు కొన్నవారికి 12 కిలోల కట్టలే వస్తే తరుగు 600 కిలోలు. పాడిగేదెకు రోజుకు 6 కిలోల ఎండుగడ్డి చొప్పున, పది గేదెలున్న పాకకు అది పది రోజుల మేత. ఆ లోటు పూడ్చడానికి మళ్ళీ బజారుకు రావలసిందే, అదీ వేసవి ధరకు.

ఇంటి ఆడవారు మాత్రం ఈ లెక్కల జోలికి పోరు. పొద్దున గంపెడు, మాపటికి గంపెడు గాడిలో వేస్తారు. వామి తరుగుదల చూసి ఎన్నాళ్ళకు వస్తుందో చెప్పేస్తారు. వారి గంప మారదు గనుక వారి లెక్కా తప్పదు!

కొన్నిచోట్ల టన్ను బేరాలు జరుగుతున్నాయి. ఇది అమ్మేవారికీ మేలే. బిగువైన కట్ట కట్టినవారికి దాని విలువ దక్కుతుంది. అయితే కాటా తేమను కూడా తూస్తుంది. మంచులోనో వానలోనో తడిసి చుట్టిన గడ్డి బరువు తూగుతుంది గాని, లోపల వేడెక్కి బూజు పడుతుంది. అందుకే అనుభవజ్ఞులు లోడు పైకట్టను చూసి ఊరుకోరు. నడిమి నుంచి నాలుగు కట్టలు లాగించి తూస్తారు, ఒకటి విప్పించి పిడికెడు గడ్డి వాసన చూస్తారు. ముక్కవాసన వస్తే ధర మాట ఎత్తకుండా బండి తిప్పేస్తారు.