తండ్రి సీటులో నలభై నాలుగేళ్లు

ఐర్లాండ్ పార్లమెంటు దిగువసభ పేరు డాయిల్. అందులో ఎండా కెన్నీ 1975 నుంచి 2020 దాకా ఒక్కసారీ ఓడిపోకుండా సభ్యుడిగా ఉన్నారు. 2011 నుంచి 2017 వరకు ఆయనే టీషాక్ (ప్రధానమంత్రి).

తండ్రి హెన్రీ కెన్నీ 1954 నుంచి మేయో కౌంటీ తరఫున అదే సభలో ఉండేవారు. 1936లో అఖిల ఐర్లాండ్ కప్పు గెలిచిన మేయో ఫుట్‌బాల్ జట్టులో ఆడినవాడు కాబట్టి, ఆయన రాజకీయాల్లోకి వచ్చేనాటికే ఊరూరా ఎరిగిన మనిషి. 1975లో ఆయన చనిపోతే ఉపఎన్నిక వచ్చింది. ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడైన ఇరవై నాలుగేళ్ల ఎండాను ఫినె గేల్ పార్టీ నిలబెట్టింది. గెలిచారు.

ఐర్లాండ్‌లో ఇది వింతేమీ కాదు. అప్పటి ప్రధాని లియామ్ కాస్‌గ్రేవ్ కూడా స్వతంత్ర రాజ్యపు తొలి ప్రభుత్వాధినేత కొడుకే. 2011లో కెన్నీకి పదవి అప్పగించిన బ్రయన్ కోవెన్ 1984లో సభకు వచ్చింది తండ్రి మరణంతో జరిగిన ఉపఎన్నికలోనే. కోవెన్‌ది ప్రత్యర్థి పార్టీ, ఫియనా ఫాల్. అంటే ఈ అలవాటుకు పార్టీ భేదం లేదు.

కారణం చాలావరకు ఓటు వేసే పద్ధతిలో ఉంది. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో వేసే ప్రాధాన్య ఓటు లాంటిదే అది. ఓటరు అభ్యర్థుల పేర్ల ఎదుట 1, 2, 3 అని అంకెలు వేస్తాడు. తేడా ఏమిటంటే, అక్కడి సాధారణ ఎన్నికల్లో ఒక్కో నియోజకవర్గం నుంచి పలువురు గెలుస్తారు. అయిదు సీట్లు, అరవై వేల చెల్లిన ఓట్లు ఉన్నాయనుకుందాం. ఓట్లను ఆరుతో భాగించి ఒకటి కలిపితే 10,001. ఇది కోటా (గెలుపుకు కావలసిన ఓట్లు). దాన్ని దాటినవారి మిగులు ఓట్లు, అడుగున పడి తప్పుకున్నవారి ఓట్లు తర్వాతి ప్రాధాన్యం ప్రకారం ఇతరులకు బదిలీ అవుతాయి.

ఫలితం చూడండి. ఒకే పార్టీ ఒకే చోట ఇద్దరినో ముగ్గురినో నిలబెడుతుంది. ఫినె గేల్‌ను ఇష్టపడే ఓటరు కెన్నీని పక్కనపెట్టి అదే పార్టీ మరో అభ్యర్థికి 1 వేయవచ్చు, పార్టీకి నష్టమేమీ ఉండదు. కాబట్టి అభ్యర్థికి పార్టీ గుర్తింపు ఒక్కటే చాలదు, సొంత పేరు కావాలి. తండ్రి పేరైనా సరే, ఆటలో వచ్చిన పేరైనా సరే. (2020లో కెన్నీ తప్పుకున్నాక మేయోలో ఆ పార్టీ తరఫున గెలిచిన ఇద్దరిలో ఒకరు కౌంటీ ఫుట్‌బాల్ ఆటగాడే.) ఆ పేరు నిలవాలంటే వారం వారం జనాన్ని కలిసి పింఛన్లు, రోడ్లు, ఆసుపత్రి పనులు చూడాలి. జాతీయ నాయకులు సైతం వార్డు సభ్యుల్లా తిరగడం ఈ పద్ధతికి మంచో చెడో గానీ, కెన్నీకి మాత్రం అది బాగా అబ్బింది.

పైకి ఎదగడం మాత్రం నిదానంగా జరిగింది. కేబినెట్‌లో చోటు దొరికింది 1994లో, అంటే పంతొమ్మిదేళ్లకు. 2001లో పార్టీ నాయకత్వానికి పోటీ చేసి ఓడిపోయారు. 2002లో పార్టీ 54 సీట్ల నుంచి 31కి పడింది. మేయోలో సొంత పార్టీ సిట్టింగ్ సభ్యుడు జిమ్ హిగ్గిన్స్ ఓడిపోయారు, కెన్నీకీ సీటు పోయేంత పనైంది. ఆ ఏడాదే ఆయన నాయకుడయ్యారు. పెద్దలు చాలామంది ఓడిపోవడం కూడా ఆయనకు కలిసొచ్చిందనే అనుకోవాలి.

2010 జూన్‌లో రిచర్డ్ బ్రూటన్ వర్గం ఆయనను దించబోయింది. బ్రూటన్ కూడా మాజీ ప్రధానికి స్వయానా తమ్ముడు. ముందు వరస నేతలు చాలామంది అటే ఉన్నా, పార్టీ పార్లమెంటు సభ్యుల రహస్య ఓటులో కెన్నీ నిలబడ్డారు. ఆ నవంబరులో బ్యాంకుల పతనంతో దేశం యూరోపియన్ యూనియన్, ఐఎంఎఫ్‌ల అప్పుకు చేయి చాచింది. 2011 ఎన్నికల్లో ఓటర్లు ఆగ్రహంతో ఫియనా ఫాల్‌ను 20 సీట్లకు దించేశారు. ఫినె గేల్‌కు 76 వచ్చాయి, మేయోలో అయిదింట నాలుగు.

2013 డిసెంబరులో ఐర్లాండ్ ఆ అప్పు కార్యక్రమం నుంచి బయటపడింది. అయితే కోలుకున్న సంగతి డబ్లిన్‌లో కనిపించినంతగా పల్లెల్లో కనిపించలేదు. కోలుకోవడాన్ని కొనసాగిద్దామన్న నినాదంతో వెళ్లిన పార్టీకి 2016లో 50 సీట్లే దక్కాయి. మైనారిటీ ప్రభుత్వం ఏర్పడడానికి పది వారాలు పట్టింది.

2017లో ఆయన దిగిపోతే వారసుడి ఎంపిక జరిగింది. పోటీలో ఉన్న సైమన్ కోవ్‌నీ 1998లో తండ్రి మరణంతో వచ్చిన ఉపఎన్నికలో గెలిచినవారు. లియో వరాద్కర్‌కు రాజకీయ కుటుంబం లేదు, తండ్రి ముంబయి నుంచి వెళ్లిన వైద్యుడు. సాధారణ కార్యకర్తల్లో ఎక్కువమంది కోవ్‌నీకే ఓటేశారు. కానీ పార్టీ నియమావళి ప్రకారం వారి ఓటు విలువ 25 శాతం, పార్లమెంటు సభ్యులది 65 శాతం. సభ్యులు వరాద్కర్ వైపు మొగ్గారు, ఆయనే టీషాక్ అయ్యారు.