మీకు తెలుసా? నెల తప్పితే లేజర్‌ ఆపాల్సిందే

మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్... హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో ఏ రోడ్డు పట్టుకున్నా స్కిన్ క్లినిక్ బోర్డులే. లేజర్‌తో అవాంఛిత రోమాలు పోవాలంటే సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది సిటింగులు పడతాయి. సిటింగుకూ సిటింగుకూ మధ్య నాలుగు నుంచి ఆరు వారాలు. లెక్కేస్తే దాదాపు ఐదు నుంచి పది నెలలు! కొత్తగా పెళ్లయినవాళ్లకు ప్యాకేజీ సగంలో ఉండగానే శుభవార్త తెలియడం మామూలే.

అప్పుడు పట్టుకునే భయం ఒకటే: ఆ కిరణాలు కడుపులో బిడ్డకు తగులుతాయా? తగలవు. అది ఎక్స్‌రే కాదు, కాంతి. చర్మంలో కొన్ని మిల్లీమీటర్లు దిగి ఆగిపోతుంది. తెలియక ఒక సిటింగ్ అయిపోయిందని బెంగపడకండి.

మరి డాక్టర్లు ఎందుకు వద్దంటారు? గర్భిణుల మీద తగినన్ని అధ్యయనాలు లేవు, అదొకటి. రెండోది మీ చర్మమే. లేజర్ పనిచేసేది మెలనిన్ మీద. వెంట్రుక కుదుట్లో ఉన్న ఆ నల్లరంగు కాంతిని పీల్చుకుని వేడెక్కితేనే కుదురు దెబ్బతింటుంది. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల చర్మంలోనూ మెలనిన్ పెరుగుతుంది. పొట్ట మీద నిలువుగా నల్లగీత దిగేదీ, మెడ నలుపెక్కేదీ, బుగ్గల మీద మంగు వచ్చేదీ అందుకే. మనది అసలే చామనఛాయ. ఆ సమయంలో లేజర్ వేడిని పైచర్మమే లాగేసుకుంటే కాలి మచ్చ పడొచ్చు. సీమంతం ఫొటోల కోసమని మంగుకు లేజర్ చేయిస్తే అది ఇంకా ముదరొచ్చు కూడా. రెటినాయిడ్, హైడ్రోక్వినోన్ ఉన్న క్రీములూ పక్కన పెట్టాల్సిందే. జింక్ ఆక్సైడ్ సన్‌స్క్రీన్ వాడుకోవచ్చు.

నిజానికి గడ్డం మీద, పొట్ట మీద కొత్తగా వచ్చిన నూగు చాలామందికి కాన్పయ్యాక ఆరు నెలల్లో దానంతటదే రాలిపోతుంది. మంగు కూడా ఏడాదిలోపు చాలావరకు తగ్గుతుంది. కాబట్టి 26 వారాల ప్రసూతి సెలవు ముగిసేలోపే లేజర్ పూర్తిచేయాలన్న తొందర వద్దు. బిడ్డకు పాలిస్తుంటే మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో చర్మ వైద్యులనే అడగండి.

ప్యాకేజీకి డబ్బు కట్టేముందే, గర్భం వస్తే మిగిలిన సిటింగులు వాయిదా వేస్తారా అని అడిగి కాగితం మీద రాయించుకోండి. నెల తప్పితే, ఇంట్లో అత్తగారికి ఇంకా చెప్పకపోయినా సరే, లేజర్ చేసే అమ్మాయికి మాత్రం ముందే చెప్పండి.