నల్లరేగడిలో రెజిన్ రాళ్ల దారి: ఎందుకు పగులుతుంది? ఎలా వేయాలి?

గేటు నుంచి పోర్టికో దాకా కారు వచ్చే దారిని నున్నగా, సన్నరాళ్లు మెరిసేలా రెజిన్‌తో వేయించాలని నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో ఎవరైనా అనుకుంటే, ముందు చూడాల్సింది రంగుల నమూనాలు కాదు, కాళ్ల కింది మట్టి.

అసలు ఏమిటీ పరుపు?

2 నుంచి 5 మిల్లీమీటర్ల సన్నరాళ్లను పాలీయూరిథేన్ రెజిన్‌తో కలిపి, 15–18 మిల్లీమీటర్ల మందాన తాపీతో నున్నగా పరుస్తారు. నువ్వులుండలో పాకంలాగా రెజిన్ రాయినీ రాయినీ అంటిస్తుందే తప్ప సందులన్నీ పూడ్చదు. అందుకే వాన నీరు పైన నిలవకుండా లోపలికి దిగిపోతుంది.

నీరు దిగిపోవడం మంచిదే కదా?

అన్నిచోట్లా కాదు. ఇంగ్లండులో ఈ పరుపుకు గిరాకీ రావడానికి ఒక కారణం ఈ గుణమే. ఇంటి ముందు 5 చదరపు మీటర్లకు మించి నీరు ఇంకని గచ్చు వేసి, ఆ నీటిని అక్కడే ఇంకించే ఏర్పాటు చేయకపోతే అనుమతి తీసుకోవాలని 2008లో అక్కడ నిబంధన వచ్చింది.

కుందూ నది పరీవాహకంలో ఉన్న మన నేల చాలాచోట్ల నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు బారుతుంది. దారి మీద పడ్డ నీరంతా నేరుగా ఆ మట్టిలోకి దిగితే వానాకాలంలో నేల పైకి లేస్తుంది, ఎండాకాలంలో కుంగుతుంది. ఆ కదలికకు వేలెడు మందం కూడా లేని పరుపు తట్టుకోలేదు. పక్కనే ఉన్న ఇంటి పునాదికీ ఆ తడి మంచిది కాదు.

మట్టి ఎంత ఉబ్బుతుందో తెలిసేదెలా?

జల్లించిన పొడిమట్టి 10 గ్రాముల చొప్పున రెండు కొలజాడీల్లో వేసి, ఒకదాన్ని నీళ్లతో, రెండోదాన్ని కిరోసిన్‌తో నింపుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. 24 గంటల తర్వాత రెండు మట్టాల తేడా చూస్తే ఉబ్బు ఎంతో తేలిపోతుంది. మట్టి పరీక్షలు చేసే ల్యాబుల్లో దీన్ని ఫ్రీ స్వెల్ పరీక్ష అంటారు.

మరి కింద ఏం వేయాలి?

ఉబ్బే మట్టిని ఇంజనీరు చెప్పిన లోతు వరకూ తీసేసి గరుసు పోయాలి. పొరపొరకూ తడిపి, రోలర్‌తో అణచాలి. దానిపైన కమ్మి వేసి కాంక్రీటు పోయాలి. వాటం ఇంటివైపు కాకుండా బయటికి, 10 అడుగులకు సుమారు అంగుళన్నర ఉండాలి. రాళ్ల సందుల్లోంచి దిగిన నీరు ఈ కాంక్రీటు మీదుగా జారి పక్క కాలువలో పడాలి. అందుకని కాలువలోకి నీరు దిగే కన్నాలు కాంక్రీటు మట్టానికే ఉండాలి. పరుపు పైమట్టానికి పెడితే నీరు లోపలే చిక్కుకుంటుంది. కాంక్రీటులో విడిచిన జాయింట్లను పై పరుపులోనూ అదే వరుసలో విడవాలి. లేదంటే పగులు తానే దారి చూసుకుంటుంది.

ఏ రాయి మంచిది?

ఆళ్లగడ్డ శిల్పుల ఊరు. రాయి గుణం తెలియకుండా అక్కడ ఉలి పెట్టరు. ఇక్కడా అంతే. బేతంచెర్ల సున్నపురాయి దగ్గర్లోనే దొరికినా గ్రానైట్, పలుగురాయి కంటే మెత్తన. యాసిడ్ పడితే తినేస్తుంది. చక్రాలు తిరిగేచోట గట్టిరాయే మేలు. ఏ రాయైనా దుమ్ము లేకుండా కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. తడి తగిలితే పాలీయూరిథేన్ నుంచి వాయువు పుట్టి, నురగలాగా తెల్లబారుతుంది. రెజిన్ ఎండకు పసుపెక్కని రకమేనా అని అడిగి తీసుకోవాలి. 300 చదరపు అడుగులకు రాళ్లు సుమారు టన్ను, రెజిన్ 60–70 కిలోలు పడతాయి.

ఎప్పుడు వేయాలి?

కాంక్రీటు పోసి 28 రోజులు దాటాక, అది బాగా ఆరాక. వానాకాలం వద్దు. ఏప్రిల్, మే ఎండల్లో రెజిన్ తాపీ కిందే గట్టిపడిపోతుంది. చలికాలంలో మంచు తడి ఆరిపోయిన తర్వాత మొదలుపెడితే చేతికి వీలుగా ఉంటుంది.

కల్లాపి, ముగ్గు మాటేమిటి?

పేడనీళ్లు, ముగ్గుపిండి, వీధి దుమ్ము సందుల్ని పూడ్చేస్తాయి. గుమ్మం ముందు నాలుగడుగుల మేర నాపరాళ్లు పరచి వాకిలిగా ఉంచుకోండి. మిగతా దారిని తరచూ ఊడ్చి, ఏడాదికోసారి ప్రెషర్ పంపుతో కడిగితే సరి.

అంతా నాపరాళ్లే వేస్తే?

ట్రాక్టరు లోపలికొచ్చి ఉన్నచోటే మలుపు తిరిగే ఇల్లయితే, లేదా నీటిని బయటికి పంపే దారి లేకపోతే నాపరాళ్లే వేయించండి. నేల కదిలితే ఆ ఒక్క బండ లేపి, కింద ఇసుక సర్ది మళ్లీ పరచొచ్చు. రెజిన్ పరుపులో వేసిన అతుకు రంగు తేడాతో కనబడుతూనే ఉంటుంది. గరుసుకీ కాంక్రీటుకీ కాలువకీ పోను డబ్బు మిగిలితేనే రెజిన్ గురించి ఆలోచించండి.