తీర్పు వచ్చింది... ఇల్లు ఖాళీ చెయ్యాలా?

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని కాస్త నడుం వాలుద్దామనుకుంటుంటే, మా పక్క వీధిలో అద్దెకుండే ఒకావిడ కళ్ళనీళ్ళతో వచ్చారు. చేతిలో కోర్టు కాగితాలు. "రెండు నెలల్లో ఖాళీ చెయ్యమన్నారండీ. పిల్లకి మార్చిలో పదో తరగతి పరీక్షలు. సామాను వీధిలో పడేస్తారా?" అన్నారు.

గొడవ మొదలైంది నీళ్ళ మోటారు దగ్గర. మాటా మాటా పెరిగి ఇంటాయన అద్దె పుచ్చుకోవడం మానేశారు. "ఆయన తీసుకోనంటే మన తప్పేముంది?" అని వీళ్ళూ ఊరుకున్నారు. నెలకి తొమ్మిది వేల చొప్పున పద్నాలుగు నెలలు! ఆ డబ్బు దాచారా అంటే, ఇంట్లో డబ్బు ఇంట్లో ఉంటుందా? ఫీజులకీ పండగలకీ కరిగిపోయింది. తీరా కోర్టులో మోటారు సంగతి ఎవరికీ పట్టలేదు. అద్దె కట్టిన రుజువేదీ అన్నారు.

ఇంటివారు అద్దె తీసుకోకపోయినా మీరు ఇవ్వడం మానకూడదు. వారి బ్యాంకు ఖాతాలో వెయ్యండి. ఖాతా నంబరు తెలియకపోతే చెక్కు స్పీడ్ పోస్టులో పంపండి. తిప్పి పంపితే ఆ కవరు విప్పకుండా బీరువాలో పెట్టండి. పట్టుచీరల కన్నా భద్రంగా!

తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉందిగా అంటారేమో. కార్పొరేషన్ పరిధిలో నెలకి 3,500 రూపాయలు దాటిన అద్దెకి అది వర్తించదు. హైదరాబాదులో ఇప్పుడా ధరకి ఇల్లెక్కడ దొరుకుతుంది చెప్పండి! అందుకే ఇలాంటి తగాదాలు మామూలు సివిల్ కోర్టుకే పోతున్నాయి.

సరే, తీర్పు వచ్చేసింది. ఇప్పుడేం చెయ్యాలి? ముందు భయం మానండి. తీర్పు చేతికొచ్చినంత మాత్రాన ఇంటివారు తాళం పగలగొట్టి సామాను బయట పెట్టకూడదు. మీరు గడువులోగా ఖాళీ చెయ్యకపోతే వారు అమలు పిటిషను వేసుకోవాలి, కోర్టు అమీనా రావాలి. అలాగని చేతులు ముడుచుకు కూర్చోకండి. జిల్లా కోర్టులో అప్పీలుకి గడువు 30 రోజులే. తీర్పు సర్టిఫైడ్ కాపీకి వెంటనే దరఖాస్తు పెట్టండి. కాపీ ఇవ్వడానికి కోర్టు తీసుకున్న రోజులు ఆ 30 రోజుల్లో లెక్కకి రావు.

చాలామంది పొరబడేది ఇక్కడే. అప్పీలు వేసినంత మాత్రాన ఖాళీ చేయించడం ఆగదు. విడిగా స్టే అడగాలి. స్టే ఇచ్చేముందు బకాయి కట్టమని కోర్టు అడగవచ్చు కాబట్టి గాజులో గొలుసో తాకట్టు పెట్టాల్సి వస్తుందేమో, ముందే ఆలోచించుకోండి. మీరు హాజరు కాకుండానే ఏకపక్షంగా తీర్పు ఇచ్చి ఉంటే, దాన్ని రద్దు చెయ్యమని అదే కోర్టులో 30 రోజుల్లోగా అడగవచ్చు.

వకీలు ఫీజు ఎలా అన్న బెంగ వద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. 15100 నంబరుకి ఫోన్ చెయ్యండి, లేదా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్ళండి. అయితే కేసు మీ పేరు మీద ఉండాలి సుమా! శ్రీవారి పేరు మీదుంటే ఆయన ఆదాయం చూస్తారు.

మా ఆవిడ అదృష్టం, అద్దె ఒప్పందం ఆవిడ పేరు మీదే ఉంది. మర్నాడే వెళ్ళారు. అప్పీలు వేశాక వ్యవహారం లోక్ అదాలత్‌లో రాజీకొచ్చింది. బకాయిలో సగం ముందు, మిగతాది వాయిదాల్లో. ఏప్రిల్ నెలాఖరుకి ఇల్లు ఖాళీ. అక్కడ రాజీపడితే మళ్ళీ అప్పీలుండదు కనుక ప్రతి మాటా రెండుసార్లు చదివించుకుని మరీ సంతకం పెట్టారట.

పిల్ల పరీక్షలకి చదువుకుంటోంది. మోటారు మాత్రం ఇంటాయన ఇప్పటికీ ఉదయం ఆరింటికే కట్టేస్తున్నారట!