తొలి కెప్టెన్ మనవాడే, మరి మన కుర్రాళ్ల సంగతేమిటి?

మినుము పీకడం అయిపోయిందంటే కృష్ణా జిల్లా పల్లెల్లో మాగాణి పొలాలు ఆటస్థలాలుగా మారిపోతాయి. గట్టుపక్కన కాస్త చదునుగా ఉన్న మడి చూసుకుని, వరి మోళ్లు పీకేసి, నాలుగు బిందెల నీళ్లు చల్లి తొక్కితే పిచ్ తయారు. పెద్ద కుర్రాళ్ల దగ్గర ఒక బ్యాటు ఉంటుంది. చిన్నవాళ్లకు కొబ్బరిమట్టే బ్యాటు. ఎండ తగ్గాక పశువులను తోలుకొచ్చే పెద్దలు కూడా గట్టుమీద కాసేపు నిలబడి ఆట చూస్తారు.

మాటల కచేరీ అక్కడే మొదలవుతుంది. గవాస్కర్ గొప్పా, టెండూల్కర్ గొప్పా, కోహ్లీ గొప్పా? హెల్మెట్ లేకుండా ఆడినవాళ్లదే ఆట అని తాతలు అంటారు. ఇప్పటి వేగానికి వాళ్లు నిలవలేరని మనవలు అంటారు. వాదన ఎటు తిరిగినా చివరికి ఎవరో ఒక పెద్దాయన సి.కె. నాయుడు పేరు ఎత్తక మానరు. టెస్టుల్లో భారత జట్టుకు మొట్టమొదటి కెప్టెన్ మన బందరువాడేనని గర్వంగా చెబుతారు.

అప్పుడు ఏ కుర్రవాడైనా, అంతటివాడు మన దగ్గర పుట్టి ఉంటే మళ్లీ ఇంకొకరు ఎందుకు రాలేదు తాతా అని అడిగితే, ఆ ప్రశ్న కొట్టిపారేయదగినది కాదు. దాని జవాబు నాయుడి జీవితంలోనే ఉంది.

బందరు నుండి నాగపూర్

కొట్టారి కనకయ్య నాయుడు కుటుంబ మూలాలు మచిలీపట్నానివే. కాని ఆయన పుట్టింది మాత్రం నాగపూర్‌లో, 1895 అక్టోబరు 31న. తాతగారి కాలంలోనే కుటుంబం అక్కడ స్థిరపడింది. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు కేంబ్రిడ్జిలో చదువుకున్న న్యాయవాది. ఇంట్లో చదువు ఉంది, ఆటకు ప్రోత్సాహం ఉంది. చిన్నతనంలోనే బడి జట్టులో చోటు దొరికింది. అంటే బందరు రక్తం ఆయనకు ఇంటిపేరు ఇచ్చింది గాని, ఆటస్థలం ఇచ్చింది నాగపూర్.

1916లో బొంబాయిలో యూరోపియన్ల జట్టుపై హిందువుల జట్టు తరఫున ఆయన పెద్ద మ్యాచ్‌లలో అడుగుపెట్టారు. ఆ రోజుల్లో అక్కడి పోటీలలో జట్లు మతాలవారీగానే ఉండేవి. 79 పరుగులకు 7 వికెట్లు పడిన స్థితిలో నాయుడు బ్యాటు పట్టుకుని వచ్చారు. మూడు బంతులు అడ్డుకుని నాలుగో బంతిని సిక్సరు కొట్టారు. ఆయన ఆట తీరు ఎలాంటిదో ఆ నాలుగు బంతులే చెప్పాయి.

1923లో ఇండోర్ సంస్థానాధీశుడు హోల్కర్ ఆయనను పిలిపించి తన సైన్యంలో కెప్టెన్ ఉద్యోగం ఇచ్చారు. కడుపు నింపే ఉద్యోగం, ఆడుకోవడానికి తీరిక రెండూ ఒకేచోట దొరికాయి. కల్నల్ సి.కె. అన్న పేరు వచ్చింది ఆ కొలువు వల్లనే.

11 సిక్సర్ల రోజు

1926 డిసెంబరు 1న బొంబాయి జింఖానా మైదానంలో జరిగిన ఆటను తాతలు తమ తాతల దగ్గర విన్నారు. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో ఇంగ్లండు నుండి వచ్చిన ఎం.సి.సి. జట్టు హిందువుల జట్టుతో ఆడుతోంది. ఆ జట్టులోని గై ఎర్ల్ అప్పటికే 8 సిక్సర్లతో 130 పరుగులు చేసి జనాన్ని నోరు తెరిపించాడు. నాయుడు దిగి 116 నిమిషాల్లో 153 పరుగులు చేశారు. అందులో సిక్సర్లు 11. ఎం.సి.సి. వారే మెచ్చి ఆయనకు వెండి బ్యాటు బహూకరించారు.

ఆ ఆటతో వచ్చిన ఫలితం పరుగులకన్న పెద్దది. ఈ దేశంవాళ్లు ఇంగ్లండుతో సమానంగా నిలబడి ఆడగలరన్న నమ్మకం కలిగింది. రెండేళ్లకు, 1928లో, భారత క్రికెట్ బోర్డు ఏర్పడింది. 1932లో భారత జట్టు మొదటి టెస్టు ఆడింది.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటుంది. లార్డ్స్ మైదానంలో 1932 జూన్ 25న ఆ టెస్టు మొదలైనప్పుడు నాయుడి వయసు 36. ఇప్పుడైతే ఆ వయసుకు చాలామంది బ్యాటు పక్కన పెట్టేస్తారు. ఆయన ఎక్కువ బలంతో ఉన్న 16 ఏళ్లూ దేశానికి టెస్టు అవకాశమే లేకపోయింది. మొత్తం 7 టెస్టులు, 350 పరుగులు అన్న లెక్క చూసి కొందరు కుర్రాళ్లు పెదవి విరుస్తారు. ఆ లెక్కలో లేనిది పోయిన ఆ 16 ఏళ్లు.

కెప్టెన్ ఎవరు?

ఆ కాలంలో కెప్టెన్ పదవికి ఆట తెలిసి ఉండడం కన్న రాజవంశం ముఖ్యం. 1932 జట్టుకు కెప్టెన్‌గా వెళ్లినవారు పోరుబందరు మహారాజు. తన ఆట టెస్టుకు చాలదని తెలిసి ఆయన పక్కకు తప్పుకున్నారు. లింబ్డి సంస్థానానికి చెందిన ఉపకెప్టెన్ కూడా దిగలేదు. పగ్గాలు నాయుడికి వచ్చాయి. మొదటి రోజు ఇంగ్లండు 19 పరుగులకే 3 వికెట్లు పోగొట్టుకుంది. ఫీల్డింగులో చేతికి దెబ్బ తగిలినా నాయుడు చేసిన 40 పరుగులే మొదటి ఇన్నింగ్స్‌లో భారత జట్టుకు ఎక్కువ స్కోరు. భారత జట్టు 158 పరుగుల తేడాతో ఓడింది గాని పరువు దక్కించుకుంది. ఆ పర్యటనలో ఆయన మొత్తం 1,618 పరుగులు చేసి 65 వికెట్లు తీశారు. విజ్డెన్ పుస్తకం 1933లో ఆయనను ఏడాది ఉత్తమ క్రీడాకారుల్లో ఒకరిగా ఎంపిక చేసింది.

నాలుగేళ్ల తర్వాత కథ తిరగబడింది. 1936లో ఇంగ్లండు వెళ్లిన జట్టుకు విజయనగరం రాజవంశానికి చెందిన మహారాజకుమార్, అందరూ విజ్జీ అని పిలిచే ఆయన, కెప్టెన్ అయ్యారు. క్రికెట్‌పై విజ్జీకి ప్రేమ లేదని చెప్పలేము. హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి ఇంగ్లండు మేటి ఆటగాళ్లను 1930-31లో సొంత ఖర్చుతో రప్పించి ఆడించినవారు ఆయన. కాని బ్యాటుతో 3 టెస్టుల్లో చేసింది 33 పరుగులు. జట్టులో ముఠాలు పుట్టాయి. లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపేశారు. మర్చంటును రనౌట్ చేస్తే బంగారు గడియారం ఇస్తానని ముస్తాక్ అలీకి ఆశపెట్టారన్న కథ కూడా ప్రచారంలో ఉంది.

ఒకే దేశపు జట్టులో, ఇద్దరూ తెలుగు మూలాలవారే, ఒకరిది ఆట, మరొకరిది హోదా. ఓవల్ మైదానంలో చివరి టెస్టులో గబ్బీ అలెన్ వేసిన బంతి నాయుడికి బలంగా తగిలింది. ఆయన మైదానం విడవలేదు. 81 పరుగులు చేసి జట్టును ఇన్నింగ్స్ ఓటమి నుండి తప్పించారు. టెస్టుల్లో ఆయన అత్యధిక స్కోరు అదే, చివరి టెస్టూ అదే.

గురువు కన్ను

శిక్షణ అంటే ఏమిటో నాయుడి ఇండోర్ రోజులు చెబుతాయి. అక్కడ ముస్తాక్ అలీ అనే కుర్రవాడిని పదమూడేళ్ల వయసులోనే గుర్తించి వెంట తిప్పుకున్నారు. 1934లో కలకత్తాలో టెస్టు ఆడినప్పుడు ముస్తాక్ ప్రధానంగా ఎడమచేతి స్పిన్ బౌలరు. 1936లో మాంచెస్టర్‌లో అదే ముస్తాక్ ఓపెనర్‌గా దిగి 112 పరుగులు చేశాడు. విదేశంలో టెస్టు సెంచరీ చేసిన మొదటి భారతీయుడు అతడే.

నాయుడి తమ్ముడు సి.ఎస్. నాయుడు కూడా టెస్టు క్రీడాకారుడే. 1944-45 రంజీ ఫైనల్లో బొంబాయిపై రెండు ఇన్నింగ్స్‌లలో కలిపి ఆయన వేసిన బంతులు 917. ఇంట్లో క్రమశిక్షణ ఎలాంటిదో ఆ ఒక్క అంకె చాలు. హోల్కర్ జట్టు రంజీ ట్రోఫీని 4 సార్లు గెలిచింది. 1945-46 ఫైనల్లో బరోడాపై 200 పరుగులు చేసినప్పుడు పెద్ద నాయుడికి 50 ఏళ్లు.

ఆంధ్ర జట్టులో 58వ ఏట

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ సీజన్లోనే ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ట్రోఫీలో దిగింది. 58 ఏళ్ల నాయుడు ఆ జట్టు తరఫున ఆడారు. వేరే ఊళ్లలో పేరు తెచ్చుకున్న మనిషి తెల్లబడిన జుట్టుతో పూర్వీకుల గడ్డ పేరున్న జట్టుకు ఆడడం చిన్న విషయం కాదు. 1956లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. 61వ ఏట ఉత్తరప్రదేశ్‌కు రంజీ ఆడారు. 1967 నవంబరు 14న ఇండోర్‌లో కన్నుమూశారు.

ఇప్పుడు కుర్రవాడి ప్రశ్నకు వద్దాం. ఆ తర్వాత ఎవరూ రాలేదనడం సరికాదు. గుంటూరు నుండి ఎం.ఎస్.కె. ప్రసాద్ 1999లో టెస్టు ఆడారు. కాకినాడలో పుట్టిన హనుమ విహారి 2018లో నాయుడు చివరి టెస్టు ఆడిన ఓవల్‌లోనే తన మొదటి టెస్టు ఆడి 56 పరుగులు చేశారు. విశాఖ కుర్రవాడు శ్రీకర్ భరత్ 2023లో నాయుడు పుట్టిన నాగపూర్‌లోనే టెస్టుల్లోకి వచ్చారు. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో 114 పరుగులు చేసిన నితీశ్‌కుమార్ రెడ్డి కోసం తండ్రి ఉద్యోగమే వదులుకున్నారు. కడప జిల్లా పల్లె నుండి వచ్చిన శ్రీచరణి 2025లో ప్రపంచకప్ గెలిచిన మహిళల జట్టులో ఉంది.

వీరందరి వెనుక ఎవరో ఒకరు ఉన్నారు. నాయుడికి తండ్రి, ఆపైన సంస్థానం. ముస్తాక్‌కు నాయుడు. నితీశ్‌కు తండ్రి. పల్లె కుర్రవాడికి తోడు నిలిచేది ఎవరన్నదే తేలవలసిన సంగతి.

ఊరు చేయగలిగింది

పొలంలో ఆడేది టెన్నిస్ బంతి. ఎంపిక పోటీల్లో వేసేది తోలుబంతి, బరువు 156 నుండి 163 గ్రాములు. టెన్నిస్ బంతి ఎత్తుగా లేస్తుంది. అడ్డంగా ఊపినా చెల్లుతుంది. తోలుబంతి కుట్టుమీద పడి పక్కకు తిరుగుతుంది. అడ్డంగా ఊపినవాడు ఔటవుతాడు. ఊళ్లో సిక్సర్లు కొట్టినవాడు ఎంపికలో మొదటి ఓవర్లోనే తిరిగి రావడానికి చాలాసార్లు కారణం ఇదే. ప్రతిభ లేక కాదు, అలవాటు లేక.

దీనికి స్టేడియం అక్కర్లేదు. బడి ఆవరణలో 22 గజాల సిమెంటు పిచ్, దానిమీద పరచడానికి కొబ్బరిపీచు చాప, ఒక వల, రెండు జతల ప్యాడ్లు ఉంటే చాలు. నాయుడి కాలంలో మన దేశంలో ఎన్నో మ్యాచ్‌లు చాపలమీదే జరిగాయి. 16 ఏళ్లలోపు, 19 ఏళ్లలోపు, ఆపైన 23 ఏళ్లలోపు వారికి జాతీయ పోటీలున్నాయి. ఆ చివరి పోటీకి పెట్టిన పేరు సి.కె. నాయుడు ట్రోఫీ. ఆ మెట్లు ఎక్కాలంటే పదిపన్నెండేళ్ల వయసులోనే తోలుబంతి చేతికి రావాలి. తప్పు చూపించే పెద్దవాడొకరు వారానికి రెండు రోజులైనా పక్కన నిలబడాలి.

జూన్‌లో కాలువలకు నీళ్లు వదలగానే ఆ మడి మళ్లీ దమ్ములోకి వెళుతుంది. పిచ్ ఉన్నచోట నాట్లు పడతాయి. బ్యాటు అటకెక్కుతుంది. మళ్లీ మినుము పీకేదాకా ఆ కుర్రవాడికి ఆట లేదు. ఏడాదికి మూడు నెలలు ఆడే పిల్లవాడు పన్నెండు నెలలూ ఆడే పట్నం పిల్లవాడితో పోటీపడాలి. గట్టుమీద నిలబడి నాయుడి పేరు చెప్పి మురిసే పెద్దలు ఈ సంవత్సరం నాట్లు పడేలోగా బడి ఆవరణలో ఒక చాప పరిపించగలిగితే, ఆ పేరు చెప్పుకోవడానికి మరికాస్త హక్కు వస్తుంది.