బొమ్మ బాగోలేదంటే ఏం చేయాలి?

మీరు పెందుర్తి పక్కనున్న సింహాచలం కొండను గీశారు. "ఇది కొండా, గోడా?" అన్నాడో స్నేహితుడు. చివుక్కుమంది కదూ!

ఎందుకు?

మనసు పెట్టి గీసినది కాబట్టి, బొమ్మను అంటే మనల్ని అన్నట్టే ఉంటుంది.

ఎలా తీసుకోవాలి?

వెంటనే వాదనకు దిగకండి. "ఎక్కడ తేడాగా ఉంది?" అని అడగండి. ఉత్త "బాగోలేదు"తో దిద్దుకోవడానికేమీ దొరకదు. "దూరపు కొండకూ దగ్గరి చెట్టుకూ ఒకే ముదురు ఆకుపచ్చ వేశావు" అంటే దొరుకుతుంది. మధ్యలోని గాలి కాంతిని చెదరగొట్టడంతో దూరపు కొండ లేతగా, నీలంగా కనిపిస్తుంది. బయటికెళ్లి చూడండి. నిజమే అనిపిస్తే రంగు పలచన చేయండి. కావాలనే అలా వేసుంటే, అలాగే ఉంచండి.

పెద్ద కళాకారులకూ విమర్శ తప్పదా?

తప్పదు. ఏటికొప్పాక లక్కబొమ్మల రసాయన రంగులు పిల్లలకు మంచివి కావన్న మాట వచ్చింది. అక్కడి సి.వి.రాజు వంటి కళాకారులు ఆకులు, గింజలు, వేర్ల నుంచి రంగులు తీయించారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు, 2023లో రాజుకు పద్మశ్రీ దక్కాయి.

వెక్కిరింతను వదిలేయండి, పనికొచ్చే మాటను పట్టుకోండి. తర్వాతి బొమ్మ ఇవాళే మొదలుపెట్టండి.